కొత్త టాపు, పాత కమ్ములు

ఒక వస్తువు చెడిపోయినప్పుడు తప్పు ఎక్కడ ఉన్నదని వెతకడం ఒక పని. తప్పు ఎవరిదని వెతకడం వేరొక పని. ఈ రెండింటినీ మనం ఒకే పని అనుకుంటాము. అలా అనుకోవడం వల్ల ఎంత అన్యాయం జరుగుతుందో ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది. ఇందుకు ఉదాహరణ కోసం నేను దూరం వెళ్ళనక్కర లేదు. ఆ అన్యాయం చేసినవాడిని నేనే.

నేను కొల్లాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే గురువును. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం మీలో చాలామందికి మామిడిపండ్ల వల్ల తెలిసి ఉంటుంది. మరికొందరికి సంస్థానపు కోట వల్ల, సోమశిల దగ్గరి కృష్ణమ్మ వల్ల తెలిసి ఉంటుంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోయి, మెట్టకు తరలివచ్చిన ఊళ్ళు ఇక్కడ ఉన్నవి. వాటికి వెళ్ళే బాటలు కొన్ని ఇప్పటికీ రాళ్ళు, గుంతలే. అందుకే మా విచారణలో ఒక పాత జీపును ఇంకా అమ్మకుండా ఉంచుకున్నాము.

జీపు చరిత్ర మీకు తెలిసినదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుండి, విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యానికి పెద్ద సంఖ్యలో చేసిచ్చిన బండి అది. మన దేశంలో 1945లో ఆరంభమైన మహీంద్రా కంపెనీ, స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో అవే జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తరువాత అవి పోలీసులకు, తహసీలు కచేరీలకు, మిషను బంగ్లాలకు చేరాయి. చివరకు ఆటోలు రాకముందు మన పల్లెల్లో మనుషులను కిక్కిరిసి ఎక్కించుకొని తిరిగిన బండ్లయ్యాయి. ఈ బండికి పైకప్పు ఇనుప రేకు కాదు. నిలబెట్టిన ఇనుప కమ్ముల మీద పరిచి, బెల్టులతోను టిచ్ బటన్లతోను బిగించే గుడ్డ టాపు. ఎండాకాలం విప్పుకోవచ్చు, వానాకాలం కప్పుకోవచ్చు.

మా జీపు టాపు ఇరవై ఏళ్ళకు పైగా వాడి వాడి చీలికలు పీలికలైంది. నిరుడు వేసవిలో కొత్తది వేయించాలనుకున్నాను. లారీలకు, ట్రాక్టర్లకు పట్టాలు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మన సంఘస్థుడు కాడు. చూపు మందగించినా చేతివాటం తగ్గని మనిషి. పాత టాపు కొలతకు పనికిరానంతగా సాగి చినిగిపోయిందని, అదే రకం జీపు మరొకటి వెతికి, దాని కొలతలు తెచ్చి, మంచి నూలు కాన్వాసు గుడ్డ తీసి, దబ్బనంతో, మైనం పట్టించిన దారంతో మూలలన్నీ కుట్టాడు. బిగించడానికి వచ్చిన రోజు జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూసి నాతో ఇలా అన్నాడు: "ఫాదర్ సార్, గుడ్డ నేను కొత్తది ఏస్త. గని కమ్ములు పాతయి. ఒక్కసారి సక్కగ కొట్టించుండ్రి, తర్వాత బిగిస్త."

"ఇప్పుడు తీరిక లేదు, బిగించెయ్యి" అన్నాను. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి. తరువాత నేను మాత్రం దీన్ని మరచిపోయాను.

బిగించిన నాలుగో రోజున ఈదురుగాలితో వాన వచ్చింది. ఒక పల్లెలో సాయంత్రం పూజ ముగించుకొని తిరిగి వస్తున్నాను. వెనుకవైపు చివరి మూడు టిచ్ బటన్లు అసలు అందలేదు. అక్కడ గుడ్డ తెరచుకొని ఉంది. బండి కొంచెం వేగం అందుకునేసరికి టాపు మద్దెలలా దబదబ కొట్టుకుంటోంది. నడిమధ్య నుండి చుక్క చుక్కగా నీరు కారి నా ఒళ్ళోని పూజ పుస్తకం తడిసింది. పక్కన కూర్చున్న ఉపదేశి, "కొత్త టాపు కంటే పాతదే నయముండె ఫాదర్" అన్నాడు.

మరునాడు బజారులో, చాయ్ హోటల్ దగ్గర, పదిమంది ఉండగా ఆ పెద్దాయన ఎదురుపడ్డాడు. "నాసిరకం గుడ్డ వేశావు, కొలత తప్పావు, మిగతా డబ్బు ఇచ్చేది లేదు" అన్నాను. ఆయన తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా లెక్క కట్టాను.

పాఠకులారా! ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించుదాము. నా దగ్గర ఉన్న సాక్ష్యం ఏమిటి? పాత టాపు ఉన్నంతకాలం ఈ బాధలు లేవు. కొత్త టాపు వచ్చింది, బాధలు వచ్చాయి. కాబట్టి బాధలకు కారణం కొత్త టాపు, దానిని కుట్టిన మనిషి. ఇంతే. మన పెద్దలు దీనికి కాకతాళీయమని ఎప్పుడో పేరు పెట్టారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. వాలడం వల్లనే రాలిందని చూసినవాడు అనుకుంటాడు. సెమినరీలో తర్కశాస్త్రం చదివేటప్పుడు ఈ లోపం పేరు లాటిను భాషలో కంఠస్థం చేశాను. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. బజారులో మాత్రం అది అక్కరకు రాలేదు.

మూడు రోజుల తరువాత ఒక మెకానిక్కు అబ్బాయి వేరే పని మీద జీపును చూడటానికి వచ్చాడు. టాపు సంగతి చెప్పి, "గుడ్డ కోసి మళ్ళీ కుట్టించాలి" అన్నాను. "కోయకండి ఫాదర్. ముందు ఏడ తప్పున్నదో చూద్దాం" అన్నాడు. అతడు చేసిన పని చదువుకున్నవారు కూడా నేర్చుకోదగినది. అందుకని వివరంగా వ్రాస్తున్నాను.

మొదట అందని బటన్ల సంగతి. గుడ్డను లాగలేదు, కొత్త బటన్లు కొట్టలేదు. వెనుక కమ్మి నిలబడిన తీరు చూశాడు. ఎప్పుడో ఒక బోల్టు ఊడితే, ఎవరో దానిని పక్క రంధ్రంలో బిగించారు. అందువల్ల ఆ కమ్మి వెనుకకు వాలి ఉంది. పాత గుడ్డ ఏళ్ళ తరబడి సాగి ఆ వాలుకు అలవాటు పడింది. కొత్త గుడ్డ సరైన కొలతకు కుట్టింది కనుక చాలలేదు. బోల్టును అసలు రంధ్రంలోకి మార్చి, ఎండలో రెండు గంటలు ఉంచి, చేత్తో కొద్దిగా లాగితే మూడు బటన్లూ టక్కుమని పడ్డాయి.

రెండవది నీరు కారడం. నన్ను లోపల కూర్చోబెట్టాడు. కమ్ముల మీద, కుట్ల వెంబడి సుద్దముక్కతో గీతలు గీయించాడు. తాను బయట నిలబడి చెంబుతో నీళ్ళు పోశాడు. ఒకేసారి అంతటా పోయలేదు. కింది నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క చోట పోసి, ఆగి, "వచ్చిందా ఫాదర్?" అని అడుగుతూ పైకి వచ్చాడు. నీరు కారేది నడిమధ్య. కాని నడిమి కుట్టు మీద ఎంత పోసినా లోపలికి రాలేదు. చివరకు ముందు అద్దం చట్రానికి ఎడమ మూల మీద పోయగానే నీరు లోపలికి దిగింది. సుద్దగీతను కడుక్కుంటూ కమ్మి వెంబడి పారి, నడిమి బోల్టు దగ్గర చుక్కలుగా రాలింది. నీరు కారిన చోటు వేరు, చొరబడిన చోటు వేరు. ఆ మూలలో అద్దం చట్రం వంగి ఉంది. గుడ్డ దానికి ఆనడం లేదు.

కుట్ల వెంబడి కొంచెం చెమ్మ కనబడింది. అది కొత్త నూలు గుడ్డకు సహజమని అతడే చెప్పాడు. నూలు తడిసినప్పుడు దారం ఉబ్బుతుంది. సూది చేసిన రంధ్రాలు పూడుకుంటాయి. కొత్త కాన్వాసును రెండు మూడు సార్లు తడిపి ఆరబెడితే అది గట్టిపడుతుంది. నూలు డేరాలు వేసేవారికి ఇది తెలిసిన సంగతే. అనగా మొదటి వానలోనే గుడ్డకు తీర్పు చెప్పడం, బడిలో చేరిన మొదటి రోజే పిల్లవాడికి పరీక్ష పెట్టడం వంటిది.

మూడవది దబదబ శబ్దం. అతడు ముందు కమ్మి నుండి వెనుక కమ్మికి ఒక దారం లాగి పట్టుకొమ్మన్నాడు. నడిమి కమ్మి ఆ దారానికి రెండు వేళ్ళ కిందికి దిగి ఉంది. అందుకే అక్కడ గుడ్డ వదులై గాలికి కొట్టుకుంటోంది, వాన నీరు గుంటకట్టి నిలుస్తోంది. "దీని మీద ఎవరో బరువు పెట్టిన్రు ఫాదర్" అన్నాడు.

ఎవరో కాదు. అంతకు ముందు క్రిస్మస్ పండుగకు మైకు సెట్టు పెట్టెలను టాపు మీద తాళ్ళతో కట్టించింది నేనే. వద్దంటే వినకుండా దాని మీద ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి పట్టుకొమ్మన్నది కూడా నేనే.

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత మనం ఇతరుల మీద వాడతాము. ఆ రోజు అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గుడ్డ మంచిది. కొలత సరైనది. కుట్టు గట్టిది. వంకర కమ్ములది, వంకర చేసింది నేను. ముందే చెప్పినవాడు ఆ పెద్దాయన, ఆయన మాట వినక తిరిగి ఆయనమీదే నింద మోపినవాడిని నేను.

ఇక మన ప్రశ్నకు వద్దాము. అనుమానం కలిగినప్పుడు మనిషి గురించి ఎలా తీర్పు చెప్పాలి? పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు తన వేదాంత సంగ్రహంలో ఈ ప్రశ్ననే వేసుకున్నాడు. ఆయన జవాబులో మూడు సంగతులు ఉన్నాయి. వాటిని నా మాటల్లో చెబుతాను.

మొదటిది: వస్తువుకు తీర్పు చెప్పడం, మనిషికి తీర్పు చెప్పడం ఒకటి కాదు. జీపు గురించి నేను పొరబడితే జీపుకు అవమానం లేదు. నష్టం నాకే, నా బుద్ధికి సత్యం దొరకలేదు, అంతే. కాబట్టి వస్తువుల విషయంలో మొహమాటం వద్దు. ఉన్నది ఉన్నట్టు చూడాలి. దారం లాగి చూడాలి, నీళ్ళు పోసి చూడాలి. కాని మనిషి గురించి పొరబడితే దెబ్బ తగిలేది ఆ మనిషికి. నలుగురిలో అతని పేరు పోతుంది. అందుచేత గట్టి రుజువు లేనంతవరకు మనిషి విషయంలో మంచివైపే మొగ్గాలి.

రెండవది: అలా మంచివైపు మొగ్గితే కొన్నిసార్లు మోసపోతాము కదా అని మీరు అడగవచ్చు. అక్వీనాసు దీనిని దాచలేదు. మోసపోతామని ఒప్పుకున్నాడు. అయినా చెడ్డవానిని మంచివాడనుకొని తరచు పొరబడటం, మంచివానిని చెడ్డవాడనుకొని అరుదుగా పొరబడటం కంటే మేలని అన్నాడు. ఎందుకంటే మొదటి పొరపాటులో ఎవరికీ అన్యాయం జరగదు, రెండవదానిలో జరుగుతుంది.

మూడవది: అయితే జాగ్రత్త అక్కరలేదా? కావాలి. ఒక కీడుకు మందు వేసేటప్పుడు అది పెద్ద కీడే అయి ఉండవచ్చునని ఊహించి మందు వేయడం వివేకమేనని ఆయన అంటాడు. ఊహించడం వేరు, నిర్ణయించడం వేరు. రాత్రి తలుపుకు గడియ పెట్టుకుంటాము. అంతమాత్రాన పొరుగువానిని దొంగ అన్నట్టు కాదు. బస్సులో చిల్లర లెక్కపెట్టుకుంటాము. కండక్టరును మోసగాడని అరవము. నేను కూడా "టాపు బాగాలేదు, ఒకసారి వచ్చి చూడు" అని ఉండవచ్చు. అది జాగ్రత్త. "నాసిరకం గుడ్డ వేశావు" అన్నాను. అది తీర్పు.

ఈ సంగతి జీపులు లేనివారికి కూడా వర్తిస్తుంది. "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ" అంటారు. మన ఇళ్ళలో ఏమి జరుగుతుందో చూడండి. ముప్పై ఏళ్ళుగా అన్నదమ్ముల మధ్య లోలోపల ఒక వంకర ఉంటుంది. అందరూ దానికి అలవాటు పడి, సాగి, సర్దుకొని ఉంటారు. కొత్త కోడలు వస్తుంది. ఆమెకు ఆ వంకర తెలియదు, దానికి తగినట్టు సాగి లేదు. ఒక చోట అందదు, ఒక చోట చప్పుడవుతుంది. "ఈ పిల్ల అడుగుపెట్టింది, ఇల్లు చెడింది" అంటాము. ఇల్లు అంతకుముందే వంగి ఉన్నదని, ఆమె రాకతో అది బయటపడిందని ఎవరూ అనరు. కన్నీరు వంటగదిలో రాలుతుంది. చొరబడిన చోటు ఎక్కడో ముందు మూలలో ఉంటుంది.

బడికి కొత్తగా వచ్చిన టీచరు, విచారణకు కొత్తగా వచ్చిన గురువు, సంఘంలో కొత్తగా లెక్కలు చూసే యువకుడు, వీరందరి విషయంలో కూడా ఇదే జరుగుతుంది. క్రీస్తు ప్రభువు కూడా కొత్త గుడ్డను, పాత వస్త్రాన్ని గురించి ఒక పోలిక చెప్పాడు. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో ఉంది. ఇంకా తడిసి ముడుచుకోని కొత్త గుడ్డను పాతదానికి మాసిక వేస్తే చినుగు పెద్దదవుతుందని దాని సారం. ప్రభువు ఆ మాట చెప్పింది ఉపవాసాల గురించి. దాని లోతైన అర్థం వేరు. కాని కుట్టుపని తెలిసినవారి ఇంట పెరిగినవాడు చెప్పినట్టున్న ఆ పోలికలో ఒక సంగతి గమనించండి. ఆయన కొత్త గుడ్డను నిందించలేదు, పాత వస్త్రాన్నీ నిందించలేదు. రెండింటి స్వభావం తెలుసుకోకుండా కలిపి కుట్టే చేతిని హెచ్చరించాడు.

అయితే ఒక మాట. కొత్తది ఎప్పుడూ సరైనదని, పాతది ఎప్పుడూ వంకరని నేను చెప్పడం లేదు. నాసిరకం గుడ్డ వేసేవారు లోకంలో ఉన్నారు. అది తేలితే ధైర్యంగా చెప్పాలి, మన డబ్బు మనం అడగాలి. నేను చెప్పేదల్లా వరుస గురించి. ముందు దారం లాగి చూడు, తరువాత మాట విసురు. ముందు మన చేతిలో ఉన్న వంకరను చూడు, తరువాత ఎదుటివాని చేతిపనిని చూడు.

మాట విసిరిన తరువాత ఏమి చేయాలి? పాపసంకీర్తనంలో చెప్పుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. 1992లో రెండవ జాన్‌పాల్ పోపుగారు వెలువరించిన సత్యోపదేశ గ్రంథం, 2487వ పేరాలో, ఇతరుల పేరుకు చేసిన నష్టాన్ని కూడా పూడ్చవలసినదేనని బోధిస్తుంది. కోడిని దొంగిలించినవాడు కోడిని తిరిగి ఇవ్వాలి. పేరును దొంగిలించినవాడు పేరును తిరిగి ఇవ్వాలి. ఇది కష్టం. కోడి ఒక గంప కింద ఉంటుంది, పేరు పదిమంది నోళ్ళలో ఉంటుంది.

నేను ముందు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆపి ఉంచిన డబ్బు ఇచ్చాను. కూలివాని జీతం బిగబట్టినవారిని గురించి యాకోబు లేఖ ఐదవ అధ్యాయంలో ఉన్న మాటలు ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ గడప దగ్గర అవి వేరుగా వినిపించాయి. "ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు? కమ్ముల సంగతి ముందే చెప్పానని ఎందుకు అనలేదు?" అని అడిగాను.

"మీరు పెద్దోళ్ళు సార్. నలుగుర్ల మీ మాటకు ఎదురు చెప్తే, నన్ను నమ్మేదెవరు?" అన్నాడు.

ఈ మాట వినడానికి నాకు యాభై దాటిన వయస్సు కావలసి వచ్చింది. అందరి మాటకు ఒకే బరువు ఉండదు. గురువు మాట, ఉపాధ్యాయుని మాట, సర్పంచి మాట, ఇంట్లో తండ్రి మాట, అత్తగారి మాట బరువైనవి. బరువైన పెట్టెను ఎక్కడ పెడుతున్నామో చూసి పెట్టాలి. టాపు మీద పెట్టి ఒక కమ్మిని వంచాను. బజారులో పెట్టి ఒక మనిషిని వంచాను. ఎదుటివాడు మౌనంగా ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మన బరువు కింద అతనికి మాట పెగలకపోయి ఉండవచ్చు.

తరువాత ఆయనను వెంటబెట్టుకొని అదే చాయ్ హోటల్‌కు వెళ్ళాను. "తప్పు నాది, పని మంచిది" అని అక్కడున్నవారితో చెప్పాను. కొందరు నవ్వారు. ఒకతను, "పోనీ ఫాదర్, గింత దానికి ఏముంది" అన్నాడు. కాని ఆ మధ్యలో నా మాట విని ఇద్దరు రైతులు ట్రాక్టరు పట్టాల పని ఆయనకు ఇవ్వకుండా మానుకున్నారని తెలిసింది. ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. ఒకరు తిరిగి ఆయనకే పని ఇచ్చారు. రెండవవారు అప్పటికే వేరేచోట కుట్టించుకున్నారు. ఆ పనిని నేను తిరిగి తేలేకపోయాను. నా తరువాత లోపాయకారిగా ఆ మాట ఇంకెందరి చెవిన పడిందో నాకు తెలియదు, ఎన్నటికీ తెలియదు.

కమ్ములు సరిచేయించాము. చట్రం మూల కొట్టించి, రబ్బరు పట్టీ వేయించాము. వానాకాలమంతా జీపు తిరిగింది. పూజ పుస్తకం మళ్ళీ తడవలేదు.

ప్రియ పాఠకులారా! ఈ ఆదివారం పూజకు వచ్చే ముందు ఆత్మశోధన చేసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మధ్య నేను ఎవరినైనా నిందించానా? నిందించే ముందు దారం లాగి చూశానా? చూడకుండా అన్న మాటను తిరిగి తీసుకోవడానికి ఆ చాయ్ హోటల్ దాకా, ఆ వంటగది దాకా, ఆ గడప దాకా నడిచి వెళ్ళానా? మూడవ ప్రశ్నకు జవాబు "లేదు" అయితే, పూజ తరువాత ఇంటికి వెళ్ళే దారి కొంచెం మార్చుకోండి. ఆలస్యమైతే ఫరవాలేదు, మీ అన్నం మీ కోసం ఉంటుంది.